ఆహ్వాన పత్రికకు పంచాంగ శ్రవణం

యాపిల్ ఆహ్వానం పంపితే చాలు, అభిమానులు పంచాంగం విప్పుతారు. 2012లో ఆహ్వానంపై 12 సంఖ్య నీడ 5లా పడింది, ఐఫోన్ 5 వచ్చింది. జోస్యం ఫలించింది, జబ్బు ముదిరింది! 2022 ఆహ్వానంలో చుక్కల ఆకాశం చూసి కొందరు నక్షత్రాల ఫొటోలన్నారు, కొందరు ఉపగ్రహ అనుసంధానమన్నారు. తలో మాట చెబితే ఒకటైనా తగలదా? 2024లో మెరిసే లోగో చూసి, యాపిల్ మాటల సహాయకురాలు సిరికి మహర్దశ అన్నారు. సెప్టెంబరులో ఫోన్ చేతికొచ్చింది, కృత్రిమ మేధ తొలి విడత అక్టోబరులో వచ్చింది. మరింత తెలివైన సిరి ఇంకా ఆలస్యమని 2025 మార్చిలో కంపెనీయే చెప్పింది. లోగో రంగుల్లో రహస్యాలు వెతికే కళ్లకు ‘తర్వాత వస్తుంది’ అని నేరుగా రాసిన ముక్క మాత్రం ఆనదు. అయ్యా, కొనేముందు అదొక్కటి చదవండి, జేబుకు మంచిది!