తెల్లచుక్కల పద్యానికి ఇందూరు వ్యాఖ్య

అవతారిక: ఇందూరు అను నిజామాబాదు పట్టణమున, ఖలీల్‌వాడిలో మనుషుల డాక్టర్లకు కొదవలేదు. చేపల డాక్టరు బోర్డు మాత్రం వ్యాఖ్యాత కంటపడలేదు. నిజాంసాగర్, అలీసాగర్, పోచంపాడు అన్నీ మంచినీళ్లే. సముద్రం కావాలంటే దాదాపు 400 కిలోమీటర్లు పోవాలి. అలాంటి ఊళ్లో ఉప్పునీటి చేపలు పెంచాలని ముచ్చటపడ్డవాడి గోసను చెప్పేదీ పద్యం. కర్త ఎవరో తాళపత్రం చెప్పదు. తాళపత్రమూ లేదు, తొట్టి కొన్న రసీదు వెనకాల రాసి ఉంది.

మూలం:

ఉప్పునీటి తొట్టి నొక చేప మేనిపైఁ
దెల్లచుక్క లొలయఁ దెలివి దప్పి
మందు పోయువాఁడు మరచిపోవును గాదె
యిసుకలోన నున్న యెదిరిమూక.

ఛందస్సు: ఆటవెలది. సీసం రాయకపోవడం కవి ఔచిత్యం. చేపలున్న నీళ్లలో సీసం పడరాదు.

ప్రతిపదార్థం: ఉప్పునీటి తొట్టిన్ = లీటరుకు 35 గ్రాముల వంతున సముద్రపు ఉప్పు కలిపిన అద్దాల తొట్టియందు (వంటింటి ఉప్పు కాదు; అందులో మెగ్నీషియం, కాల్షియం వగైరా ఉండవు); ఒక చేప మేనిపైన్ = ఒక చేప ఒంటిమీద (ఒకటే అనుకోవడం యజమాని భ్రమ); తెల్లచుక్కలు = రవ్వంత పొక్కులు; ఒలయన్ = వ్యాపించగా; తెలివి దప్పి = దుకాణానికి పరుగెత్తి అని భావం; మందు పోయువాఁడు = చేతికందిన సీసా వంచేవాడు; ఇసుకలోనన్ ఉన్న = తొట్టి అడుగున, రాళ్ల సందున దాగిన; ఎదిరిమూకన్ = శత్రుసేనను; మరచిపోవును గాదె = మరచిపోతాడు గదా!

వ్యాఖ్య: ఎదిరి పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. ఏకకణజీవి. 1951లో దీనికి నామకరణం చేసింది బ్రౌన్. నిఘంటువు బ్రౌన్ కాదు, వేరే బ్రౌన్. దీని బతుకు నాలుగు అంకాల నాటకం. చేప చర్మం కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకు కనబడే చుక్క ఈ అంకమే. తర్వాత, ఎక్కువగా చీకటివేళల్లో, చేపను వదిలి కిందికి జారుతుంది. ఇసుకకో రాతికో అంటుకుని తిత్తి కట్టుకుంటుంది. తిత్తిలో చీలి చీలి వందల పిల్లలై ఈదుకుంటూ బయటికొస్తుంది. ఆ పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చావే.

ఇప్పుడు 'మరచిపోవును' అన్న క్రియలోని గడుసుదనం చూడండి. ఏ మందూ పోయకున్నా నాలుగైదు రోజుల్లో చుక్కలు రాలిపోతాయి, తిండి ముగిసింది గనుక. యజమాని ఆ ముందురోజే ఏదో సీసా వంచి ఉంటాడు. "తగ్గింది!" అని సంబరం. దుకాణదారుకు కీర్తి. వారం పది రోజులకు తిత్తులు పగిలి, మొదట పది చుక్కలున్న చేపకు ఈసారి నూరు చుక్కలు. ఈసారి మొప్పల్లో కూడా. మొప్పల్లోవి పైకి కనబడవు. చేప రొప్పుతూ నీటిపైకి వస్తుంది, తెల్లారేసరికి తేలుతుంది. బోధన్ చెరకు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మొవ్వులో దూరిన పీక పురుగు మీద పైపైన మందు కొడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చర్మం కింద ఉన్నప్పుడు మందు అంటదు, తిత్తిలో ఉన్నప్పుడూ అంటదు. ఈదే ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతుంది. వైద్యమంతా ఆ సందు కోసం కాచుకోవడమే.

పూర్వపక్షం: "అన్నా, తొట్టిల ఇంత ఉప్పు ఏస్తే పోతది" అని దుకాణపు పిలగాడి మతం.

సిద్ధాంతం: పిలగాడి మతం మంచినీటి తొట్టికి చెల్లుతుంది. అక్కడా తెల్లచుక్కలే, కానీ ఆ పురుగు వేరు, ఇక్తియోఫ్తిరియస్. దానికి ఉప్పు పడదు. ఉప్పునీటిలో న్యాయం తలకిందులు: ఉప్పు తగ్గించాలి. 35 గ్రాములున్నదాన్ని రెండు రోజుల్లో మెల్లగా 15 దగ్గరికి దించి, కనీసం నాలుగు వారాలు అక్కడే నిలిపితే తిత్తులు చెడతాయి, చేప తట్టుకుంటుంది. రొయ్య, నత్త, పగడం తట్టుకోలేవు. రోహిణి కార్తెలో నిజామాబాదులో తొట్టి నీరు ఆవిరై ఉప్పు తనంతట తానే పెరుగుతుంది. కాబట్టి రోజూ మంచినీరు పోస్తూ కొలవాలి.

కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటరు. ఈ మాట బోధన్‌కు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లూ, అంటే 2015 డిసెంబరులో మూతబడేదాకా, చెరకు రసపు బ్రిక్స్ (చక్కెర పాలు) చూసిన రకమే ఇది. ఆ గొట్టంలో సముద్రపు నీటి చుక్క వేస్తే నాలుగు పైచిలుకు బ్రిక్స్ చూపిస్తుంది, సముద్రంలో చక్కెర ఉన్నట్టు. వంగిన కాంతికి తీపి, ఉప్పు భేదం తెలియదు. అందుకే ఉప్పు గీతలున్నదే కొనాలి.

ఇక 'మందు' శబ్దానికి ముఖ్యార్థం మైలుతుత్తం. ఎరువుల దుకాణంలో దొరికేదే కదా అని ఎగబడకండి. ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీటికి కిలో తుత్తం వేస్తారు. తొట్టికి కావలసిన రాగి లీటరుకు 0.2 మిల్లీగ్రాము మించరాదు. అంటే 100 లీటర్లకు తుత్తం దాదాపు 80 మిల్లీగ్రాములు. రైతు లెక్కకు పన్నెండు వేల వంతుల్లో ఒకటి! చిటికెడు వేసినా మితిమీరినట్టే. 0.15కు దిగితే పురుగు చావదు, 0.2 దాటితే చేపకు ముప్పు. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చేస్తాయి గనుక ఇసుక లేని విడి తొట్టిలో, ఫిల్టరులోంచి బొగ్గు తీసేసి, రోజూ పరీక్షించుకుంటూ మూడు నాలుగు వారాలు నడపాలి. పగడాల తొట్టిలో రాగి పోయడం మహాపాతకం.

రాగీ వద్దు, ఉప్పు తగ్గించడమూ వద్దు అనే శాంతస్వభావులకు మరో దారి ఉంది. 1987లో ఇజ్రాయెల్‌లోని ఏలాత్ నుంచి కొలోర్ని అనే పరిశోధకుడు ప్రచురించిన పద్ధతి ఇది: మూడేసి రోజులకు చేపను కొత్త నీటి తొట్టికి మార్చడం, నాలుగుసార్లు. జారిన తిత్తులు పాత తొట్టిలో ఉండిపోతాయి, పగిలేలోగా చేప ఉండదు. చుట్టాలింటికి మకాం మార్చి అప్పులవాణ్ని తప్పించుకునే ఉపాయమే. అయితే ఇది చేపల విషయంలో పనిచేస్తుంది.

అపవాదం: చుక్కలు రవ్వల్లా కాక బంగారు పొడి చల్లినట్టుంటే అది అమిలూడినియం. అక్కడ ఈ వ్యాఖ్యలోని తాపీతనం పనికిరాదు. రెండు మూడు రోజుల్లో తొట్టి ఖాళీ అవుతుంది. వెంటనే విడదీసి రాగి వైద్యం మొదలుపెట్టాల్సిందే.

శంక: చేపలను విడి తొట్టికి తీశాక అసలు తొట్టిలోని ఎదిరిమూక సంగతేమిటి?

సమాధానం: తిండి పెట్టకండి, అంటే చేపను పెట్టకండి. తిత్తి విచ్చుకోవడానికి 72 రోజులు పట్టిన దాఖలా ఉంది. అందుకని పెంపకందార్లు 76 రోజులు పాటిస్తారు. రొయ్యలూ నత్తలూ అందులోనే ఉండవచ్చు. ఈ పురుగు వాటినంటదు. చేపలేని తొట్టిని రెండున్నర నెలలు చూస్తూ కూర్చోవడం ఇంట్లోవాళ్ల దృష్టిలో పిచ్చి, శాస్త్రదృష్టిలో వైద్యం.

తాత్పర్యం: చుక్క పోయింది గదా అని మందు ఆపకండి. హైదరాబాదు నుంచి తెచ్చిన కొత్త చేప ఎంత నిగనిగలాడినా నెల రోజులు విడి తొట్టిలో ఉంచాకే పాతవాటితో కలపండి.