నిబంధనలకూ నెగెటివ్ రిపోర్టు కావాలి

భారత ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖవారి సముఖానికి,

విషయం: అంతర్జాతీయ విమాన ప్రయాణికులపై విధించి, సడలించి, చివరకు ఎత్తివేసిన కోవిడ్ నిబంధనలకు కూడా తగిన పరీక్షలు జరిపించవలసిందిగా విన్నపం.

ఆర్యా,

విదేశాల నుంచి భారతదేశానికి వచ్చే విమాన ప్రయాణికులు సవినయంగా విన్నవించుకునేదేమంటే, వచ్చినవారిలో నూటికి ఇద్దరిని ఎంపిక చేసి నమూనా తీసే యాదృచ్ఛిక పరీక్షను కూడా 2023 జూలై 20 నుంచి శాఖవారు ఎత్తివేసినందుకు వారందరూ కృతజ్ఞులై ఉన్నారు. మూడేళ్ల పాటు అడిగిన కాగితమల్లా వారు సమర్పించారు, ఉండమన్న చోట ఉన్నారు, ముక్కు చూపమన్నప్పుడు చూపారు. అయితే వారి వెంట వచ్చిన నిబంధనలు మాత్రం ఏ ధ్రువపత్రమూ చూపకుండా దేశంలోకి ప్రవేశించి, ఏ లెక్కా అప్పగించకుండా నిష్క్రమించాయి. ప్రయాణికుడికి విధించిన క్రమశిక్షణను నిబంధనకు కూడా విధించడం న్యాయమా కాదా అన్నదే ఈ లేఖలోని విచారణాంశం.

మొదటిది, ప్రయాణానికి ముందు పరీక్ష. వైరస్ జన్యుపదార్థపు ఆనవాలును లక్షల రెట్లు పెంచి గుర్తించే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష, బయలుదేరడానికి 72 గంటల లోపు జరిగి ఉండాలన్నది చాలాకాలం అమలులో ఉన్న షరతు. నిన్న సోకిన వ్యాధిని పట్టుకోలేకపోవడమూ, ఎప్పుడో తగ్గిపోయిన వ్యాధి తాలూకు శకలాలను చూసి వారాల తరువాత కూడా పాజిటివ్ చెప్పగలగడమూ ఈ పరీక్షకున్న పరిమితులని తెలిసినా, ఏదో ఒక జల్లెడ ఉండాలన్న వాదనను ప్రయాణికులు కాదనలేదు. వారికి అంతుపట్టనిది 2022 ఫిబ్రవరి 14న వచ్చిన సడలింపు. పూర్తిగా టీకా వేయించుకున్నవారు పరీక్షకు బదులు టీకా ధ్రువపత్రం చూపవచ్చునని చెబుతూ, భారత టీకా పత్రాన్ని గుర్తించిన 82 దేశాల జాబితాను శాఖవారు అప్పుడు ప్రకటించారు. గల్ఫ్ దేశాల్లో సౌదీ అరేబియా, కతార్ ఆ జాబితాలో ఉండగా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్ లేవు. ఒకరి గుర్తింపును మరొకరు గౌరవించుకోవడం దౌత్యంలో మర్యాదే కావచ్చు గాని, దోహాలో వేయించుకున్న టీకా శంషాబాదులో పనిచేసి, కువైట్‌లో వేయించుకున్న అదే టీకా పనిచేయకపోవడానికి వైద్యశాస్త్రంలో కారణం వెతకడం కష్టం. దుబాయిలో పనిచేసే కరీంనగర్ కార్మికుడికీ, కువైట్ ఇళ్లలో పనిచేసే కడప జిల్లా మహిళకూ దీనివల్ల తెలిసివచ్చిందేమంటే, తమ దేహంలోని రోగనిరోధక శక్తి కొంతవరకు విదేశాంగ వ్యవహారమని.

రెండవది, స్వీయ ధ్రువీకరణ. ప్రయాణికులు తమ వివరాలను ముందుగానే నమోదు చేయవలసిన ఎయిర్ సువిధ పోర్టల్‌లో పాస్‌పోర్టు నంబరు, గత 14 రోజుల ప్రయాణ చరిత్ర మొదలైన వాటితోపాటు సీటు నంబరుకు కూడా ఒక గడి ఉండేది. సీటు ఏదన్నది చాలామందికి తెలిసేది బోర్డింగ్ పాసు చేతికి వచ్చాకే. ఆ పాసు ఇచ్చే కౌంటరులో ముందుగా అడిగేది నింపిన ఎయిర్ సువిధ ఫారం. ఈ చిక్కుముడిని ప్రయాణికులు రెండు సున్నాలతో విప్పుకొని, కింద ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న చోట టిక్కు పెట్టారు.

అదే పోర్టల్‌లో దయకు కూడా ఒక గడి ఉండేది. 2021 ఫిబ్రవరి 22 నుంచి అమలైన మార్గదర్శకాల ప్రకారం, కుటుంబంలో మరణం సంభవించి హుటాహుటిన రావలసినవారికి నెగెటివ్ రిపోర్టు నుంచి మినహాయింపు లభించేది; అయితే దానికోసం విమానం ఎక్కడానికి కనీసం 72 గంటల ముందు దరఖాస్తు చేసుకోవాలి. మూడు రోజులంటే తెలుగు ఇళ్లలో దహనం ముగిసి, అస్థికలు ఏరి, చిన్నకర్మ కూడా జరిగిపోయే వ్యవధి. తండ్రి మరణాన్ని మూడు రోజుల ముందుగా తెలియజేయగల కుమారులు అరుదని మార్గదర్శకాలు రాసినవారికి తోచకపోవడం విచిత్రం. పైగా ఆ వ్యవధిలో పరీక్ష చేయించుకొని రిపోర్టు తెచ్చుకోవడం చాలా నగరాల్లో సాధ్యమే కనుక, మినహాయింపు కోరినవాడికంటే కోరనివాడే ముందుగా ఇల్లు చేరే అవకాశం ఉండేది.

మూడవది, గృహ నిర్బంధమూ ఎనిమిదవ రోజు పునఃపరీక్షా. ఒమిక్రాన్ రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 26న ప్రకటించిన వెంటనే, డిసెంబరు 1 నుంచి ‘ముప్పున్న దేశాల’ నుంచి వచ్చేవారిని విమానాశ్రయంలోనే పరీక్షించి, ఫలితం వచ్చేవరకు అక్కడే నిలిపి, నెగెటివ్ వచ్చినా ఏడు రోజులు ఇంట్లో ఉంచి, ఎనిమిదవ రోజు మళ్లీ పరీక్షించారు. కొత్త రకం లోపలికి రావడాన్ని కొన్నాళ్లయినా ఆలస్యం చేయాలన్న ఆ తొందరలో అర్థం ఉంది. కాని దేశంలోనే రోజుకు లక్షకు పైగా కేసులు నమోదవుతున్న 2022 జనవరి 11 నుంచి ఇదే నిర్బంధాన్ని అన్ని దేశాలవారికీ విస్తరింపజేయడం, ఊరంతా వరదలో మునిగాక గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకొని రమ్మనడం వంటిది. ప్రయాణికుడిని ఎనిమిదవ రోజు మళ్లీ పరీక్షించినట్లే, నిబంధనను కూడా ఎనిమిదవ రోజు పరీక్షించి ఉంటే, ఫిబ్రవరి 14 దాకా ఆగకుండానే దానికి విముక్తి లభించేదేమో.

ఇక రద్దయినవి తిరిగి రావడం సంగతి. 2022 నవంబరు 22న సెలవు తీసుకున్న ఎయిర్ సువిధ, చైనాలో ఆంక్షలు సడలి కేసులు పెరగగానే, సరిగ్గా నలభై రోజులకు, అంటే 2023 జనవరి 1న, చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్‌ల నుంచి వచ్చేవారి కోసం ఆర్‌టీ-పీసీఆర్‌ను వెంటబెట్టుకొని తిరిగి వచ్చి, ఫిబ్రవరి 13న మళ్లీ వెళ్లిపోయింది. ఆ చోట్ల విమానం మారేవారికి కూడా ఈ షరతు వర్తించినందువల్ల, సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి సింగపూర్ మీదుగా వచ్చే తెలుగు కుటుంబానికి రిపోర్టు అవసరమయింది, దుబాయి మీదుగా వచ్చే పక్కింటివారికి అవసరం కాలేదు.

ఇంతమాత్రాన నిబంధనలన్నీ ఒక్క తీరువేనని చెప్పడం సబబు కాదు. ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరానికి సంబంధించి శాఖవారే అమలుచేస్తున్న నిబంధన ఎంతో కాలంగా నిలిచి ఉన్నా దానిపై ఎవరికీ ఫిర్యాదు లేదు. టీకా పత్రం పదవ రోజు నుంచే చెల్లడానికి కారణం రక్షణ ఏర్పడటానికి అంత కాలం పట్టడం. పత్రం లేనివారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచడానికి కారణం ఆ వ్యాధి బయటపడే గడువు అంతే కావడం. ఒక్క మోతాదు జీవితకాలం రక్షిస్తుందని తేలాక, 2016లో పత్రం చెల్లుబాటును కూడా జీవితకాలానికి పెంచారు. అక్కడ ప్రతి అంకె వెనుకా ఒక కారణం ఉంది, కారణం మారినప్పుడు అంకె కూడా మారింది.

నూటికి ఇద్దరి పరీక్షకు కూడా నిజానికి అటువంటి కారణమే ఉంది. నమూనా ఇచ్చినవారిని ఫలితం కోసం ఆపకుండా ఇంటికి పంపేవారు. ఎందుకంటే దాని ఉద్దేశం వైరస్‌ను ఆపడం కాదు, ఏ కొత్త రకాలు వస్తున్నాయో జన్యుక్రమ విశ్లేషణ ద్వారా గమనించడం. 2022 డిసెంబరు 24 నుంచి 2023 జనవరి 3 వరకు 19,227 మందిని పరీక్షించగా 124 మందికి పాజిటివ్ వచ్చిందనీ, వాటిలో ఒమిక్రాన్ ఉపరకాలు 11 కనిపించాయనీ అధికార వర్గాలు వెల్లడించినప్పుడు, ఒక నిబంధన ఏం చేస్తున్నదో ఒక్క వాక్యంలో తెలిసిపోయింది. లెక్క చెప్పడం ఇంత సులువైనప్పుడు, ఏడు రోజుల గృహ నిర్బంధం ఎందరిని ఆపిందో, ఎనిమిదవ రోజు పరీక్ష ఎందరిని పట్టిందో కూడా ఇలాగే ఒక్కొక్క వాక్యంలో చెప్పి ఉండవచ్చు.

కావున ప్రయాణికుల ప్రార్థన ఇది: ఇకమీదట జారీ అయ్యే ప్రతి ప్రవేశ నిబంధనా తన కారణాన్ని తానే ధ్రువీకరించి రావాలి, గడువు తేదీ వేసుకొని రావాలి, గడువు తీరాక పొడిగింపు కావాలంటే పునఃపరీక్షలో నెగ్గాలి, వెళ్లేటప్పుడు తాను చేసిన మేలును అంకెల్లో అప్పగించాలి. దీనికి శాఖవారు సమ్మతించకపోయినా, తదుపరి మహమ్మారిలో ప్రయాణికులు వరుసలో నిలబడక మానరు, విమానం ఎక్కడానికి వారికి వేరే దారి లేదు గనుక. అయితే స్వీయ ధ్రువీకరణ అనేది పూర్తిగా ప్రయాణికుడి నిజాయితీ మీద నడిచే యంత్రమనీ, అర్థంలేని గడిని రెండు సున్నాలతో నింపడానికి అలవాటుపడిన చేయి, జ్వరం ఉన్నదా అన్న గడిని కూడా అంతే అలవోకగా నింపగలదనీ శాఖవారు గమనించగోరుతూ,

ఇట్లు
విధేయులైన విమాన ప్రయాణికులు