ఎలక్ట్రీషియన్ ఆహ్వాన శాస్త్రం – సూరత్ ఖండం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు ముందుగా చెప్పాలన్నది పూర్వుల కట్టడి. కాదనడానికి మనమెవరం? ఈ శాస్త్రానికి విషయం కరెంటు పనివాణ్ణి ఇంటికి రప్పించుకోవడం. ప్రయోజనం ఫ్యాను తిరగడం. సంబంధం సెల్‌ఫోను ద్వారా, అదీ అవతలివాడు ఎత్తినప్పుడు. ఇక అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు ఎవరంటే, సూరత్‌లో కాపురముంటూ ఒకానొక సాయంత్రం స్విచ్చి నొక్కితే వెలగవలసిన చోట వెలగక, రాకూడని చోటినుంచి పొగ వచ్చిన తెలుగు గృహస్థు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని చెప్పడానికి మన తార్కికులు కొండను చూపించారు. పాపం, వాళ్ల కాలంలో స్విచ్‌బోర్డులు లేవు.

ఈ ఖండం సూరత్‌దే ఎందుకయింది? కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపునుంచి నేతపనివాళ్లు తరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. లింబాయత్, ఉధనా, డిండోలి పేటల్లో మన మాట వినబడుతుంది. నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బళ్లు నడుపుతోంది. ఊరికి పోవాలంటే వరంగల్ మీదుగా నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. నగరంలో మరమగ్గాలు లక్షల్లో ఆడుతున్నాయి. కనుక ఇక్కడి తెలుగువాడికి కరెంటుతో ఉన్నది మామూలు పరిచయం కాదు, కూడుపెట్టే చుట్టరికం.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది: మోటారు శబ్దంలో తేడా వస్తే నిద్రలోంచి లేచి కూర్చునే నేతగాడికి, ఇంట్లో ట్యూబులైటు బాగుచేయడానికి ఇంకొకడెందుకు? దీనికి సమాధానం: మగ్గం సేఠ్‌ది. అది కాలిపోతే సేఠ్ తిడతాడు, రెండు రోజుల్లో మరిచిపోతాడు. ఇంట్లో ట్యూబులైటు ఇల్లాలిది. సిద్ధాంతం ఇంతటితో స్థిరపడింది.

ముందు కరెంటు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. సూరత్ ఎలక్ట్రిసిటీ కంపెనీ 1920 నాటిది, తర్వాత టొరెంట్ పవర్‌లో కలిసిపోయింది. నగరం పెరిగి పాకిన అంచుల్లో దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ ఉంది, 2005లో పాత గుజరాత్ విద్యుత్ బోర్డును ముక్కలు చేసినప్పుడు పని మొదలుపెట్టింది. పైన తాపీ నది మీద ఉకాయ్ జలవిద్యుత్తు, పక్కనే కాక్రాపార్‌లో స్వదేశీ పరిజ్ఞానంతో కట్టిన 700 మెగావాట్ల అణు రియాక్టర్లు రెండు. నదిని ఆపి, అణువును చీల్చి, లక్షల వోల్టులకు పెంచి, మళ్లీ 230కి దించి, మీ గుమ్మం పక్క మీటరులోకి తెచ్చిపెట్టేదాకా ఎందరో ఇంజనీర్ల బాధ్యత. మీటరు దాటిన తర్వాత అంతా, చేతితో మెలితిప్పి నల్లటేపు చుట్టిన ఒకే ఒక్క అతుకు మీద ఆధారపడి ఉంది. ఆ అతుకు వేసినవాడే మన శాస్త్రానికి నాయకుడు.

నాయకుడి కంటే ముందు ముహూర్తం చూడాలి. జనవరి 14, 15 తేదీలు ఉత్తరాయణం. ఆ రెండు రోజులూ సూరత్ అంతా డాబాల మీదుంటుంది. ఎలక్ట్రీషియనూ మనిషే గనక అతనూ డాబా మీదే ఉంటాడు. మాంజా తీగలకు చుట్టుకుని మీ వీధి చీకటైనా సరే, కిందినుంచి మీరు వేసే కేక పైనుంచి వచ్చే ‘కాయ్ పో ఛే’లో కలిసిపోతుంది. గణపతి పందిళ్లప్పుడు అతను దేవుడి సేవలో ఉంటాడు. దేవీ నవరాత్రుల్లో గుజరాతీల గర్బా, మనవాళ్ల బతుకమ్మ దాదాపు ఒకే రోజుల్లో పడతాయి కాబట్టి రెండువైపులా లైట్లు కట్టడానికి అతనొక్కడే దిక్కు. గర్బా మైదానంలో వెయ్యి బల్బులు వెలిగించే చేతిని మీ బాత్‌రూమ్ బల్బు కోసం అడగడం ధర్మమేనా అన్నది ఆలోచించాలి. దీపావళికి ముందు ఇళ్లన్నీ దులుపుతారు, పాత ఫ్యాన్లన్నీ ఆ దుమ్ముతోపాటు గుర్తొస్తాయి. దీపావళి తర్వాత లాభ పంచమి దాకా బజారు మూతే. అతను వచ్చినా స్విచ్చి కొనడానికి కొట్టు తెరిచి ఉండదు. మిగిలింది శ్రాద్ధ పక్షం. ఆ పదిహేను రోజులూ ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. పాత ఫ్యానుకు ఆ దోషం అంటదని శాస్త్రకారుడి అభిప్రాయం. అప్పుడు పిలిస్తే పిలిచిన రోజే వస్తాడు, పైగా టీ కూడా తాగకుండా పనిలో దిగుతాడు.

లక్షణ ప్రకరణం టూకీగా. పర్మిటున్న వైర్‌మ్యాన్ ఒకడు. అతను ఉన్నాడని అందరూ ఒప్పుకుంటారు గాని చూసినవారు తక్కువ. ఎలక్ట్రికల్ షాపువాడు పంపే కుర్రాడు రెండోవాడు. అతను ఏ రోగానికైనా షాపులో ఉన్న సామానే మందని నమ్ముతాడు. మూడోవాడు కారఖానాలో మూడు ఫేజుల మీద పనిచేసి సాయంత్రం ఇళ్లకు వచ్చేవాడు. 415 వోల్టులతో రోజంతా గడిపినందుకు మన 230ని పసిపిల్లలా చూస్తాడు, మెయిన్ ఆపమంటే నవ్వుతాడు. నాలుగోవాడు ఎవరో ఒకరి మేనల్లుడు, ఐటీఐ చదువుతున్నాడు. నలుగురిలో తీగ మందం ఎంతుండాలో పుస్తకం ప్రకారం చెప్పేది ఇతనే. అయినా ఇంట్లో అందరూ ‘చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు’ అంటారు.

నలుగురిలో ఎవరు వచ్చినా మొదటి క్రియ ఒకటే. స్విచ్‌బోర్డు మూత విప్పుతాడు. లోపలికి చూస్తాడు. తల అటూ ఇటూ ఆడిస్తాడు. దీన్ని పూర్వకర్తృ నిందా ప్రకరణం అంటారు. శాస్త్రంలో ఇదే గుండెకాయ. హిందీవాడైతే ‘యే కిస్‌నే కియా?’ అంటాడు, గుజరాతీ అయితే మాట కూడా ఆడకుండా నాలుక చప్పరిస్తాడు. మనవాడే దొరికితే సంభాషణ ఇలా నడుస్తుంది:

“ఇదెవలు చేసిండ్లు కాకా? గింత అన్యాలం జేసిండ్లు.”

“నువ్వే గద బిడ్డా, పోయిన దీపావళికి.”

“గప్పుడు సామాను మంచిగ రాలే.”

ఈ నింద లేకుండా పని మొదలుపెట్టినవాణ్ణి నమ్మరాదు. పాత కర్త అసమర్థుడని తేలితేనే కదా కొత్త కర్తకు గౌరవం. పురాతన వైద్యులకూ వ్యాఖ్యాతలకూ ఈ అలవాటే ఉండేది.

తర్వాత ప్రమాణ విచారం. ప్రత్యక్షానికి సాధనం టెస్టర్. ఈ వస్తువును లోకం చిన్నచూపు చూస్తుంది గాని అందులో వేదాంతముంది: బల్బు వెలగాలంటే పట్టుకున్న మనిషి శరీరంలోంచే కరెంటు భూమికి పోవాలి. లోపల పెద్ద నిరోధకం ఉంది గనక పోయేది మిల్లీ ఆంపియరులో కూడా చాలా చిన్న వంతే, మనకు తెలియదు. అనుమానానికి ఉదాహరణ ఫ్యాను. రెక్కను చేత్తో ఒక తోపు తోస్తే తిరగడం మొదలుపెట్టిందా, పోయింది కండెన్సరు. మామూలుగా రెండున్నర మైక్రోఫారాడ్‌ది, చవక వస్తువు. ఎంత తోసినా కదలకపోతేనే వైండింగ్ సంగతి ఆలోచించాలి. తోసి చూడకుండానే ‘వైండింగ్ పోయింది’ అన్నవాడు ప్రత్యక్షాన్నీ అనుమానాన్నీ వదిలేసి నేరుగా శబ్ద ప్రమాణానికి దూకాడు. ఆ శబ్దం ఖరీదు ఎక్కువ.

గోడలోపల పైపులు వేసే పని పెట్టుకుంటే కుడ్యభేదన ప్రకరణం వస్తుంది. మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం వేసే ముందు గోడ ముందు నిలబడి ఏ ఆకారం బాగుంటుందో ఆలోచిస్తాడు. విచ్చిన తామరా, సూర్యుడా, నెలవంకా, పూర్ణకుంభమా అని. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. మన కర్త కొలవడు. కటింగ్ మెషీను ఆన్ చేస్తాడు. ఇంటినిండా సున్నపుపొడి, దేవుడి పటాల మీద, పెరుగు మీద. గాడి నిలువుగానో అడ్డంగానో తిన్నగా ఉంటే రేపు మేకు కొట్టేవాడికి తీగ ఎక్కడుందో ఊహించడానికి వీలుంటుంది. ఏటవాలుగా కొట్టినవాడు దూరం మిగిల్చాననుకుంటాడు, కొంప మీదికి తెచ్చాడు.

కొత్తగా ఏసీ పెట్టించుకునేవారికి ఒక ఉపప్రకరణం. పాత తీగమీదే ఏసీ తగిలిస్తే ఎమ్‌సీబీ పడిపోతుంది. గృహస్థు వెంటనే ‘పెద్ద ఎమ్‌సీబీ వెయ్యి’ అంటాడు. ఎమ్‌సీబీ ఉన్నది ఏసీని కాపాడడానికి కాదు, గోడలోపలి తీగను కాపాడడానికి. సన్నతీగ మీద పెద్ద ఎమ్‌సీబీ వేస్తే అది పడదు, తీగ వేడెక్కుతుంది. ఏసీకి మీటరు దగ్గరనుంచి విడిగా మందమైన లైను లాగాలి. మేనల్లుడు చెప్పేది ఇదే. ఎవరూ వినరు.

ఇక ఎర్తింగు. ఈ భాగం రాసేటప్పుడు శాస్త్రకారుడు నవ్వు ఆపుకున్నాడని గమనించగలరు. మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను పొడుగ్గా, లావుగా ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు ముందు అదే తగలాలని, వచ్చేటప్పుడు చివరగా అదే వదలాలని. ఆ రంధ్రంలోకి ఆకుపచ్చ తీగ రావాలి, ఆ తీగ భూమిలోకి పోవాలి. చాలా ఇళ్లలో ఆ రంధ్రం వెనక ఏమీ ఉండదు. ఫ్రిజ్ తాకితే ఝుమ్మంటుంది, ఇంటివాళ్లు చెప్పులు తొడుక్కుని పాలు తీసుకుంటారు.

ఎర్తు ఎందుకు లేదని అడిగితే కారణం కరెంటులో దొరకదు. కిరాయికున్నాయన ‘ఇల్లు నాది కాదు, ఇంటికింద గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి ఓనరుకు ఇచ్చి పోతనా?’ అంటాడు. ఓనరు ‘అందులో ఉండేది నేను కాదు కదా’ అంటాడు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య మన నాయకుడు చిన్న తీగముక్క తీసి, సాకెట్లోనే న్యూట్రల్‌కూ ఎర్తుకూ లంకె వేస్తాడు. ఝుమ్మనడం ఆగిపోతుంది. అందరూ సంతోషిస్తారు. ఏదో ఒకరోజు బయట న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు.

ఇంతా చేసి నివారణ అందుబాటులో లేనిదేం కాదు. ఆకుపచ్చ తీగ సరిగ్గా వేయించి, ముందు ఒక ఆర్‌సీసీబీ పెట్టించడమే. పోయిన కరెంటులో 30 మిల్లీ ఆంపియర్లు తిరిగిరాకపోతే సెకనులో మూడోవంతు గడిచేలోపు మొత్తం ఆపేస్తుంది. మన గృహస్థు పీఓపీ సీలింగుకు, దానిచుట్టూ పసుపు వెలుగు పట్టీకి అడిగినంతా ఇస్తాడు. ఆర్‌సీసీబీ అనగానే ‘గది అవసరమా?’ అంటాడు. వెలిగేది చుట్టాలు చూస్తారు, పడిపోయేది ఎవరికి చూపించాలి? కర్తలను నలుగురిగా విభజించిన శాస్త్రం గృహస్థులను విభజించకపోవడానికి కారణం అడగవచ్చు. ఆ జాతి ఒక్కటే.

చివరిది దక్షిణా ప్రకరణం. పని మొదట్లో ‘ఎంత?’ అంటే ‘చూసినంక చెప్త’ అంటాడు. చూశాక అడిగితే ‘అయినంక చెప్త’. అయ్యాక అడిగితే ‘మీకు తెల్వదా కాకా, ఇచ్చేది ఇయ్యండి’. మూడు వాక్యాల్లో మూడోది అత్యంత ఖరీదైనది. ఎందుకంటే తక్కువిస్తే మీ మనసు, ఎక్కువిస్తే మీ జేబు, సరిగ్గా ఇచ్చామా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. అనుభవజ్ఞులు సామాను బిల్లు వేరుగా, మజూరీ వేరుగా ముందే మాట్లాడుకుంటారు. ఎన్ని పాయింట్లో లెక్కపెట్టి పాయింటుకు ఇంత అని ఒప్పుకుంటారు. అనుభవజ్ఞులు కానివారు నోట్లు మడిచి అరచేతిలో పెడతారు. అతను లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటాడు, మెట్లు దిగుతూ లెక్కపెడతాడు. మెట్ల మీద అడుగులు ఒక్క క్షణం ఆగితే ఏం అర్థమో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే పక్క గుమ్మం ఆవిడ తలుపు కొడుతుంది. వాళ్లింట్లో గీజరు. “మీ కరెంటాయన మంచోడేనా అక్కా?”

“మంచోడే చెల్లే. నంబరు పంపుత. మేమెంత ఇచ్చినమో మాత్రం అడగకు.”