సోఫాను స్టేషన్‌కు పిలిపించండి

తిరువనంతపురంలోని పేరూర్‌కడ పోలీసుల తెలివితేటల గురించి మీరూ పేపర్లో చదివే ఉంటారు. 2025 ఏప్రిల్‌లో అక్కడొక ఇంట్లో బంగారు గొలుసు కనపడలేదు. ఇంటామె ఫిర్యాదు చేసింది. ఆ ఇంట్లో పనిచేసే దళిత మహిళను స్టేషన్‌కు పిలిపించి రాత్రంతా ఉంచారు. తెల్లారాక గొలుసు దొరికింది. గొలుసును సోఫా కింద పెట్టి మరిచిపోయింది ఇంటామేనని తర్వాత క్రైమ్ బ్రాంచ్ నివేదిక తేల్చింది. అది బయటికి పొక్కకుండా, ఇంటి బయట చెత్తలో దొరికిందని చెప్పమని ఆమెకు పాఠం చెప్పింది పోలీసులేనట.

దీంతో అందరూ పోలీసుల మీద విరుచుకుపడ్డారు. నాకు మాత్రం వేరే అభ్యంతరం ఉంది. సొత్తు ఎవరి దగ్గర దొరికిందో నివేదికలోనే రాసుంటే, ముద్దాయిని వదిలేశారేం? సోఫా మీద కేసేదీ?

పనామె ఆ ఇంట్లో ఉండేది కొన్ని గంటలు. సోఫా పగలూ రాత్రీ అక్కడే. దానికున్నన్ని సందులు ఏ పనామె సంచికీ ఉండవు. మీ ఇంట్లో సోఫాను ఎత్తి చూడండి. రిమోటు, చిల్లర, దువ్వెన, పోయిందనుకున్న చెవిపోగు అన్నీ దాని కిందే. ఇంత పాత నేరస్తురాలిని పనిలో పెట్టుకునేటప్పుడు ఆధార్ జిరాక్స్ ఎవరన్నా అడిగారా? పోలీసు వెరిఫికేషన్ చేయించారా?

పావగడ తాలూకాలో మా వెంకటమ్మనహళ్లి వైపు నుంచి బెంగళూరు ఇళ్లలో పనికి పోయినవాళ్లకు ఈ మర్యాదలన్నీ తెలుసు. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి ఉన్నవాళ్లకు ఏటా కౌలు వచ్చింది, కూలివాళ్లకు ఉన్న కూలి పోయింది. కరువు ముందునుంచీ ఉన్నదే. బస్సెక్కక ఏం చేస్తారు? అక్కడ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సంచి విప్పి చూపించాలి. మిగిలిన పులుసు డబ్బాలో పోసిస్తే, ఇచ్చింది నేనేనని పై అంతస్తు నుంచి అమ్మగారు ఫోన్లో ఒప్పుకోవాలి. సోఫా మాత్రం అదే గేట్లోంచి లారీలో దర్జాగా వస్తుంది. వాచ్‌మన్ పక్కకు జరిగి దారిస్తాడు.

అందుకని నా మనవి. పొద్దుగూకాక వెళ్లి సోఫాను జీపులో ఎక్కించండి. సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయకూడదనీ, తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తేవాలనీ కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. సోఫాకు ఆ రక్షణ లేదు, కాబట్టి మీకు పని తేలిక (ఆ రక్షణ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఎప్పుడు కష్టమైంది లెండి). రాత్రంతా కూర్చోబెట్టి, కాదు, నిలబెట్టి అడగండి. ఒప్పుకోకపోతే దాని పిల్లలు, అంటే ఆ రెండు చిన్న స్టూళ్లను కూడా కేసులో ఇరికిస్తామని బెదిరించండి. దాహమంటే బాత్‌రూమ్‌లో నీళ్లున్నాయి, పోయి తాగమనండి. గొలుసు దొరికాక, ఇక ఈ చుట్టుపక్కల కనపడొద్దని చెప్పి పంపేయండి. దాని తరఫున ఎవరన్నా పెద్దవాళ్ల ఆఫీసుకు అర్జీ పట్టుకెళితే, కోర్టుకు పొమ్మనండి.

ఇందులో స్టూళ్లు నా కల్పన. రాత్రంతా ప్రశ్నలు, పిల్లల పేరుతో బెదిరింపు, బాత్‌రూమ్ నీళ్లు, కనపడొద్దన్న హెచ్చరిక, కోర్టుకు పొమ్మనడం మాత్రం ఆ మహిళ తనకు జరిగాయని చెప్పినవే.

శనిదోషం పట్టినవాళ్లు ఎక్కడెక్కడినుంచో మా పావగడకు వచ్చి శనీశ్వరుడికి నూనె పోసి పోతారు. ఆ సోఫా యజమాని కూడా వస్తే బాగుండు. అయినా రాదు, అవసరం లేదు. సోఫాను ఎవరూ స్టేషన్‌కు ఎత్తుకుపోరు. దాన్ని డబ్బు పెట్టి కొన్నారు, కోడు విరిగితే నష్టం. పనామెకు కాలు విరిగితే రేపటినుంచి ఇంకొకామె వస్తుంది.

నవ్వింది చాలు. 2021 జూన్ 18న యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు పట్టుకుపోయిన వంటమనిషి సంగతేమిటి? ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన దళిత మహిళ. పనిచేసే చోట రెండు లక్షలు పోయాయన్న ఫిర్యాదు మీద ఆమెను, కొడుకును, అతని స్నేహితుణ్ని పట్టుకున్నారు. ఆ రోజే ఆమె చనిపోయింది. పూడ్చిన శవాన్ని తీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేయమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. తర్వాతి నెలలో ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ ఉద్యోగంలోంచి తీసేశారు. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. దొంగతనం జరిగిందో లేదో, చేసిందెవరో తేల్చాల్సింది కోర్టు. ఆ కోర్టు గడప ఆమె తొక్కనేలేదు. రెండు లక్షల కోసం ఒక మనిషిని చంపుకునే రాజ్యం మనది. పరిహారం లెక్క కడితే డబ్బు కూడా మిగల్లేదు.

పనివాళ్ల దొంగతనానికి న్యాయసంహితలో ప్రత్యేకంగా 306వ సెక్షన్ ఉంది, ఏడేళ్ల దాకా జైలు. మామూలు దొంగతనానికి మూడేళ్లే. హాని చేయాలని అబద్ధపు నేరం మోపితే 248వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా పడొచ్చు. అది యజమానుల మీద పడగా మీరెప్పుడన్నా విన్నారా? మా ఊరి ఆడవాళ్లు చెప్పేది ఇంతే: "పని పోతే ఇంకో ఇల్లు చూసుకుంటాం నాయనా. దొంగ అనే పేరొస్తే ఆ వీధిలో ఎవురూ గడప తొక్కనీరు."

పేరూర్‌కడలో పనామెను స్టేషన్‌లో పెట్టడానికి ఒక్క ఫిర్యాదు చాలింది. అదే ఇంటామె మీద, పోలీసుల మీద కేసు పడటానికి ఎస్సీ ఎస్టీ కమిషన్ గట్టిగా చెప్పాల్సి వచ్చింది, జులై దాకా ఆగాల్సి వచ్చింది. గృహకార్మికుల బిల్లు ముసాయిదా కర్ణాటక ప్రభుత్వం చేతిలో ఉంది. నమోదు, సంక్షేమ నిధి అన్నీ పెట్టండి, మంచిదే. దాంతోపాటు యజమాని అనుమానం ఒక్కటే ఆధారంగా పనామెను స్టేషన్‌కు పిలవకూడదనీ, నింద అబద్ధమని తేలితే పోయిన జీతం, పోయిన పరువు యజమానే కట్టాలనీ రాయండి. రాయకపోతే, ఎందుకు రాయలేదో వచ్చే ఎన్నికలప్పుడు మా ఊరొచ్చి ఆ ఆడవాళ్లకే చెప్పండి.