మన్రో గంగాళం కథ

మన్రో గంగాళం తిరుమల శ్రీవారి ఆలయానికి చెందిన పెద్ద వంటపాత్ర. స్వామివారికి పొంగలి నైవేద్యం సిద్ధం చేసేందుకు దాన్ని కేటాయించారు. స్కాట్లాండు దొర పేరు తనకెలా వచ్చిందో చెప్పాలంటే ఈ గంగాళం తన కథను దాత కథతోనే మొదలుపెట్టాలి.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు; అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. 1792 నుంచి బారామహల్‌లో, ఆ తరువాత కెనరాలో శిస్తు పని నేర్చాడు. 1800లో నిజాం రాయలసీమను కంపెనీకి దత్తం చేసినప్పుడు మన్రో అనంతపురం కేంద్రంగా కలెక్టరయ్యాడు.

అప్పటి సీమ పాళెగాళ్ల చేతిలో ఉండేది. మన్రో వాళ్లను అణచి, భూములు కొలిపించి, ఒక్కొక్క రైతుతో నేరుగా జమాబందీ (శిస్తు ఖరారు) జరిపే రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. ఏటా గుడారాలతో ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడేవాడు. 1807లో వెళ్లిపోయే ముందు శిస్తును నాలుగోవంతు తగ్గించమని సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు, ఊళ్లను గుత్తకిచ్చారు. తానే మద్రాసు గవర్నరయ్యాక, 1820లో, రైతువారీని మళ్లీ తెచ్చాడు. రైతు భారం తగ్గనిదే రాజ్యానికి బలం లేదని నమ్మిన అధికారి కంపెనీ కొలువులో అరుదు.

అతను న్యాయవాది కాదు. అయినా 1814లో న్యాయవ్యవస్థను సంస్కరించే కమిషన్‌కు పెద్ద అయ్యాడు. దాని ఫలితమే 1816 నాటి రెగ్యులేషన్లు. వాటివల్ల చిన్న వ్యాజ్యాలు ఊరి మునసబు ముందుకూ, పంచాయతీ ముందుకూ వచ్చాయి. 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయించాడు. 1826లో తాలూకాకొక బడి పెట్టాలని తన అధికారిక పత్రమైన మినిట్‌లో రాశాడు.

ఇక గంగాళం సంగతి. దీన్ని మన్రో సమర్పించాడనీ, ఇందులో వండే నైవేద్యానికి వాయల్పాడు తాలూకా కోటవాయలు గ్రామ ఆదాయాన్ని కేటాయించాడనీ ఆలయ సంప్రదాయం. గంగాళానికి అసలు ఆయువు ఈ రెండో మాటలోనే ఉంది. పాత్ర ఇచ్చి ఊరుకుంటే అది ఏ మూలనో పడి ఉండేది. బియ్యం, పప్పు, నెయ్యి, కట్టెలు రోజూ రావాలంటే భూమి ఆదాయం కావాలి. శిస్తు లెక్కల్లో ఏళ్లు గడిపిన మనిషికి ఇది బాగా తెలుసు. అందుకే దానాన్ని ఊరి రాబడికి ముడివేశాడు.

అప్పుడు వాయల్పాడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. వాల్మీకిపురంగా పేరు మారి, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరింది. గంగాళం ఉన్న కొండ ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరుకు, ఇప్పుడు తిరుపతి జిల్లాకు మారింది.

పాలన కూడా చేతులు మారింది. 1801 నుంచి ఆలయ వ్యవహారాలు కంపెనీ చూసింది; 1821లో ఆలయ నిర్వహణకు బ్రూస్ నిబంధనలు అనే నియమావళి వచ్చింది. 1843లో హాథీరామ్‌జీ మఠం మహంతుల చేతికి, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం కమిటీకి పాలన వెళ్లింది. ఇన్ని ఏలుబడుల్లోనూ గంగాళం దాత పేరును పోగొట్టుకోలేదు.

ఆ దాత 1827 జూలై 6న, సీమకు వీడ్కోలు పర్యటనలో ఉండగా, పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో పూడ్చిన అతని దేహాన్ని తరువాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మద్రాసులో చాంట్రీ చెక్కిన గుర్రపు విగ్రహం నిలిచింది. సీమ పల్లెల్లో మాత్రం కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.