జవానుకు దండ, మాజీకి దండం

బోధన్ పక్కన సైనికుడు ఎలా తయారవుతాడో తెలుసా? ముందు చెరకు తోట ఉండాలి. తర్వాత ఫ్యాక్టరీ మూతపడాలి. రెండో పని మన సర్కార్లు శ్రద్ధగా పూర్తి చేశాయి. 1937లో బోధన్ షక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. 2024లో తెరిపించడానికి కమిటీ పడింది. కార్మికులు రోడ్డున పడ్డారు గానీ, ఫ్యాక్టరీ తెరుస్తామన్న హామీ మాత్రం ఏ ఎన్నికలోనూ లేఆఫ్ కాలేదు.

అందుకే చెరకు రైతు కొడుకు పొద్దుగాల లేచి ఉరుకుతుంటాడు. సైన్యం భర్తీ పరుగు 1.6 కిలోమీటర్లు, పూర్తి మార్కులకు 5 నిమిషాల 30 సెకన్లు. ఊళ్లో కొలువుంటే నింపాదిగా నడిచే పోయేవాడు. సెలక్ట్ అయిన రోజు డప్పులు, శాలువా, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో జవాను పాస్‌పోర్టు సైజు, నాయకుడు నిలువెత్తు.

వేల్పూరు మండలం కోమన్‌పల్లి బిడ్డ ర్యాడ మహేశ్ 2020 నవంబరులో కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో నేలకొరిగాడు. ఆయన ముందు వ్యంగ్యం నోరు మూసుకుంటుంది. కానీ నిజామాబాద్ స్టేషన్‌లో ట్రంకుపెట్టెతో ప్రాణాలతో దిగేవాడి సంగతేంటి? అమరుడికి చెప్పాల్సిన మాటలు మనకు కంఠతా వచ్చు. బతికొచ్చినవాడిని చూస్తేనే నాలుక తడబడుతుంది.

కార్గిల్ కొండలెక్కి దిగినవాడైనా సరే, పదిహేను పదిహేడేళ్ల సర్వీసు నిండేసరికి నలభై దాటదు. సైన్యానికి వయసు మళ్లినవాడు, బ్యాంకుకు మాత్రం మంచి గార్డు. సరిహద్దులో చొరబాటుదారును ఆపిన చెయ్యి ఇప్పుడు వచ్చినవాడికల్లా తలుపు తీస్తుంది.

సర్కారు అసైన్డ్ భూమి ఇచ్చిందే అనుకుందాం. పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని ఒక రూలు, దానికి కలెక్టర్ ఎన్ఓసీ కావాలని ఇంకో రూలు. భూ రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత తేలిగ్గా నిషేధిత జాబితాలో సర్వే నంబరు మారుతుందా? దేశం హద్దు తెలిసినవాడికి సొంత చెలక హద్దు చూపించడానికి సర్వేయర్‌కు తీరిక చిక్కదు.

ఆస్ట్రేలియా కూడా మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు భూములిచ్చి చేతులు కాల్చుకుంది. కమతం చిన్నది, పెట్టుబడి లేదు, సేద్యం తెలియదు, పంట ధర పడిపోయింది. వేలమంది వదిలేసి పోయారు. ఆ దేశం చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, 1929లో జస్టిస్ పైక్ చేత ఆ నష్టానికి లెక్క కట్టించి బయటపెట్టింది. మనం అంత అమాయకులమా? మనం లెక్క కట్టం, విగ్రహం కడతాం.

ఈ చిక్కులన్నీ 2022లో సైనిక నియామకాల పథకం అగ్నిపథ్ తీర్చేసింది. కొలువు నాలుగేళ్లు. నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్ల చేతిలో సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి పెట్టి పంపిస్తారు, పింఛను ఉండదు. ఇక మాజీ కావడానికి నలభై దగ్గరపడేదాకా ఆగక్కర్లేదు, పాతికేళ్లకే అయిపోవచ్చు. షక్కర్‌నగర్ మిల్లు మంచి రోజుల్లో కూడా చెరకును ఇంత వేగంగా పిప్పి చేయలేదు. ఈ పథకం వద్దన్న కుర్రాళ్ల మీద అదే ఏడు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పులు జరిగి ఒకడు ప్రాణం విడిచాడు. తూటా తినడానికి సరిహద్దు దాకా పోనక్కర్లేదని అట్లా తేలిపోయింది.

1965లో శాస్త్రిగారు జవానుకూ కిసానుకూ కలిపి జై కొట్టించారు. బోధన్‌లో ఆ ఇద్దరూ ఒక్క ఇంట్లోనే ఉంటారు. తండ్రి చెరకు వేయడం మానేశాడు, కొడుకు తుపాకీ దించాడు. జై మాత్రం ఇద్దరికీ ఏటా సరిసమానంగా అందుతోంది, బకాయి లేదు.

ఆగస్టు 15న మాజీ సైనికులను ముందు వరుసలో కూర్చోబెట్టే పెద్దలారా, ఈసారి దండలు మానండి. జిల్లాలో ఎంతమంది మాజీ సైనికుల భూమి దరఖాస్తులు, ఎన్నేళ్ల నుంచి ఆగి ఉన్నాయో అదే వేదిక మీద, అదే మైకులో చదవండి. షక్కర్‌నగర్ గేటు తెరిచే తేదీ చెప్పండి. రెండూ చేతగాకపోతే ఆ శాలువాలు మీరే కప్పుకోండి.