గొంతు నాది, గోల గదిది

నన్ను సబ్‌వూఫర్ అంటారు. 12 అంగుళాల కోను, దాని వెనక బరువైన అయస్కాంతం, చుట్టూ నల్లటి చెక్కపెట్టె. పాటలో మాటలు నావి కావు, వేణువు నాది కాదు. సుమారు 80 హెర్ట్జ్‌ల నుంచి కిందికి, 20 దాకా ఉండే మంద్రమే నా వాటా. నన్ను కొన్ననాటికి మా ఊరు చోడవరం విశాఖ జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా నా మూల మారలేదు.

మా ఆసామి గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన స్లాబు. ఈ కొలతలు గుర్తుంచుకోండి, నా కష్టాలన్నీ వీటిలోనే ఉన్నాయి.

వచ్చిన రోజే పేచీ. వెనక గోడ పక్క మంచం మీద మామ్మగారు చెవులు మూసుకుని, "ఓలమ్మా, ఏట్రా ఈ గుబగుబ! గుండె మీద రోలు దొర్లిస్తన్నట్టుంది, ఆపండ్రా" అన్నారు. హాలు నడిమధ్య పడక్కుర్చీలో ఉన్న ఆసామి, "గుబగుబేటమ్మా? నాకసలు ఇనపడితే కదా! ఇంత డబ్బెట్టి కొన్నాను, పలకదేటిది?" అని విసుక్కున్నారు. ఒకే పాట, ఒకే దరువు. ఇద్దరూ చెప్పింది నిజమే.

శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్‌ల అల పొడవు 28 అడుగులు, అంటే మా హాలుకు సరిగ్గా రెట్టింపు. అలాంటి అల రెండు గోడల మధ్య చిక్కిందంటే ఓ పట్టాన చావదు. పోయే అల, తిరిగొచ్చే అల కలిసి గోడల దగ్గర ఒత్తిడి పోగేస్తాయి, నడిమధ్యన ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వెడల్పుకు 51 దగ్గర, ఎత్తుకు 56 దగ్గర ఇదే తంతు. పెంకుటింట్లో అయితే కొంత పైకప్పు సందుల్లోంచి జారిపోయేది. అమెరికా ఇళ్లలో పలచటి గోడలు తామే వణికి కొంత మింగేస్తాయట. ఇటుక, కాంక్రీటు అలా కాదు, చాలావరకు వెనక్కే తిప్పికొడతాయి. పైగా నన్ను పెట్టింది మూలన. అక్కడినుంచి గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ ఒకేసారి రెచ్చగొడతాను. వీధిలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లకు ఈ తంటా ఉండదు, వాళ్లకు నాలుగు గోడల పీడ లేదు. నిందంతా నాకే. "పెట్టె మంచిది కాదు, తిరిగిచ్చేద్దాం" అనేదాకా వచ్చింది.

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు కొలత మైకు, ల్యాప్‌టాప్ తీశాడు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, 20 నుంచి 200 హెర్ట్జ్‌ల దాకా నాచేత మెల్లగా మూలిగించాడు. షోకేసు అద్దాలు టకటకలాడాయి, అటక మీద ఇత్తడి బిందెలు గొంతు కలిపాయి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బాబూ, బోరేస్తన్నారా?" అంది.

మామ్మగారి మంచం దగ్గర కొలిస్తే, ల్యాప్‌టాప్ తెర మీద 40 హెర్ట్జ్‌ల వద్ద గీత మిగతా వాటికన్నా 10 డెసిబెల్‌లు లేచింది. అంటే శక్తిలో పదిరెట్లు. ఆసామి కుర్చీ దగ్గర అక్కడే పెద్ద గొయ్యి.

"ఆ గొయ్యి కాడ పెంచీరా" అన్నారు ఆసామి.

"పెంచినా లాభం లేదు నాన్నా. ఎంత పంపినా అక్కడ చెల్లుకు చెల్లయిపోద్ది. ఆంప్లిఫయరు వేడెక్కిపోద్ది, కాయిలు కాలిపోద్ది."

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. కుర్చీని మూడడుగులు వెనక్కి జరిపారు. గొయ్యి పూడింది.

ఆ తర్వాతే ఈక్వలైజర్. పాత టేప్ రికార్డర్ల మీద వరసగా మీటలుండేవే, అది కాదు. ఆ మీట ఒకటి దించితే చుట్టుపక్కల స్వరాలూ దిగిపోతాయి. ఇది పారామెట్రిక్. ఏ స్వరం, ఎంత వెడల్పు, ఎంత కోత, మూడూ మనమే చెప్పాలి. 40 దగ్గర సన్నగా 8 డెసిబెల్‌ల కోత, 51 దగ్గర 4. మళ్లీ కొలిస్తే గుట్టలు అణిగాయి. అణగడమే కాదు, డోలు దెబ్బ అయిపోయాక కూడా గదిలో మూలుగుతూ ఉండిపోయే తోక పొట్టిదైంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మామ్మగారు పాట మధ్యలోనే కునుకు తీశారు.

అందరికీ న్యాయం జరిగిందని మాత్రం అనను. హాలు నడిమధ్య కూర్చుంటే ఇప్పుడు నేను ఇంకా తక్కువ వినపడతాను. అక్కడ టీపాయ్ వేశారు.

మీ ఇంట్లో నావంటి పెట్టె గోల చేస్తుంటే, తిరిగిచ్చే ముందు కుర్చీ జరిపి చూడండి. మైకు లేకపోతే పెట్టెనే కుర్చీలో కూర్చోబెట్టి, మంద్రం ఎక్కువున్న పాటొకటి పెట్టి, మీరు గోడల వెంట వంగి తిరగండి. దరువు ఎక్కడ సమంగా వినపడితే అక్కడే పెట్టెను ఉంచండి. ఈక్వలైజర్ కొనడం ఆ తర్వాత.